పడవ డ్రైవ్ గేర్ నూనె పరిశీలన

పడవ ఇంజిను శక్తిని ప్రొపెల్లరుకు చేర్చే గేర్ల పెట్టెలోంచి కందెన నూనెను బయటికి తీసి, దాని రంగు, వాసన, చిక్కదనం, అందులో కలిసిన నీరు, లోహపు రజను చూసి లోపలి భాగాల స్థితిని అంచనా కట్టే పద్ధతిని గేర్ నూనె పరిశీలన అంటారు. పెట్టె విప్పకుండానే ఏ భాగం అరుగుతోందో, ఏ సీలు చెడిందో తెలుసుకోవడం దీని ప్రయోజనం. ఔట్‌బోర్డ్ మోటార్లు, స్టెర్న్‌డ్రైవ్‌లు, ఇన్‌బోర్డ్ ఇంజిన్ల మెరైన్ గేర్ బాక్సులు మూడింటికీ ఇది వర్తిస్తుంది. మొదటి రెండింటిలో గేర్లున్న భాగం నీటిలో మునిగి పనిచేస్తుంది. అందువల్ల వాటి నూనె కారు, లారీ గేర్ బాక్సుల్లోని నూనె కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది, ఎక్కువ సమాచారమూ ఇస్తుంది.

నిర్మాణం

ఔట్‌బోర్డ్ మోటారు అడుగు భాగాన్ని గేర్ కేసు లేదా లోయర్ యూనిట్ అంటారు. ఇంజిను నుంచి నిలువుగా దిగే డ్రైవ్ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అది ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ అమర్చిన రెండు పెద్ద బెవెల్ గేర్లను ఒకేసారి ఎదురెదురు దిశల్లో తిప్పుతుంది. ఈ రెండింటి నడుమ షాఫ్టు మీద ముందుకూ వెనక్కూ జారే డాగ్ క్లచ్ ఉంటుంది. అది ఏ గేరును పట్టుకుంటే పడవ ఆ దిశలో కదులుతుంది. రెండింటినీ వదిలితే న్యూట్రల్. పినియన్‌కు పళ్ళు తక్కువ కాబట్టి చాలా మోటార్లలో ఇంజిను సుమారు రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగుతుంది.

గేర్లు, షాఫ్టులు పైపొర గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. వాటిని మోసేవి రోలర్ బేరింగులు, సూది బేరింగులు. కొన్ని నమూనాల్లో కంచు బుష్‌లు, థ్రస్ట్ వాషర్లు కూడా ఉంటాయి. వీటన్నిటినీ ఇముడ్చుకున్న కేసు అల్యూమినియం మిశ్రలోహం. నూనెలో కనబడే రజను ఏ లోహానిదో తేలితే అది ఏ భాగం నుంచి వచ్చిందో తెలిసేది ఈ తేడా వల్లనే.

నూనె బయటికి పోకుండా, నీరు లోపలికి రాకుండా కాపాడేవి రబ్బరు సీళ్ళు. ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర సాధారణంగా రెండు సీళ్ళు ఒకదాని వీపుకు మరొకటి ఆనించి ఉంటాయి. ఒకటి నూనెను ఆపుతుంది, మరొకటి నీటిని ఆపుతుంది. డ్రైవ్ షాఫ్టు పైభాగంలో, గేరు మార్చే కడ్డీ దగ్గర కూడా సీళ్ళుంటాయి. బేరింగ్ క్యారియర్‌కు ఓ-రింగు, డ్రెయిన్, వెంట్ ప్లగ్గులకు వాషర్లు ఉంటాయి. పనిచేస్తున్నంత సేపు గేర్ కేసు వేడెక్కి లోపల ఒత్తిడి పెరుగుతుంది. మోటారు ఆపాక చుట్టూ ఉన్న నీరు దాన్ని చల్లబరుస్తుంది, లోపలి గాలి కుంచించుకుంటుంది. సీలు బలహీనపడి ఉంటే ఆ సమయంలో నీరు లోపలికి లాగబడుతుంది. నడిచేటప్పుడు చుక్క నూనె కూడా కారని మోటారులో నీరు కనబడటానికి ఇదొక కారణం.

స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజిను పడవ లోపల, డ్రైవ్ పడవ వెనక బయట ఉంటాయి. దీనిలో కింది గేర్ కేసుతో పాటు పైన మరో గేర్ కేసు, యూనివర్సల్ జాయింట్లు, వాటిని కప్పే రబ్బరు బెల్లోస్ ఉంటాయి. గేరు మార్పుకు కొన్నిటిలో డాగ్ క్లచ్, మరికొన్నిటిలో కోన్ క్లచ్ వాడతారు. మెర్‌క్రూయిజర్ ఆల్ఫా శ్రేణి మొదటి రకానికి, బ్రావో శ్రేణి రెండో రకానికి ఉదాహరణలు. కోన్ క్లచ్ రాపిడి మీద ఆధారపడి పట్టుకుంటుంది. కాబట్టి ఆ డ్రైవ్‌ల నూనెలో కొంత సన్నని రజను కనబడటం సహజం.

చరిత్ర

నార్వేలో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఔట్‌బోర్డ్ మోటార్ల అమ్మకం మొదలుపెట్టాడు. అంతకు కొద్ది సంవత్సరాల ముందే కామెరాన్ వాటర్‌మన్ అలాంటి మోటారును మార్కెట్లోకి తెచ్చాడు. తొలితరం మోటార్ల గేర్ కేసుల్లో గ్రీజు నింపేవారు. గ్రీజులో రజను చిక్కుకుపోతుంది, రంగు మార్పు ఆలస్యంగా తెలుస్తుంది. అందువల్ల పరిశీలన అనే మాటకు అప్పట్లో పెద్ద అర్థం లేదు. అశ్వశక్తి పెరిగి, గేర్ పళ్ళ మీద భారం పెరిగాక ద్రవరూప నూనెలు, అధిక ఒత్తిడిని తట్టుకునే గంధక, భాస్వర సమ్మేళనాలు వచ్చాయి.

వోల్వో పెంటా 1959లో ఆక్వామాటిక్ పేరుతో స్టెర్న్‌డ్రైవ్‌ను బజారుకు తెచ్చింది. దాని రూపకల్పనలో అమెరికన్ ఇంజినీరు జిమ్ విన్‌కు ప్రధాన పాత్ర ఉంది. మెర్‌క్రూయిజర్ 1961లో వచ్చింది. జపాన్‌కు చెందిన యమహా తన తొలి ఔట్‌బోర్డును 1960లో విడుదల చేసింది.

వాడిన నూనెను ప్రయోగశాలలో పరీక్షించి యంత్రం ఆరోగ్యాన్ని చెప్పే పద్ధతి పడవల నుంచి కాక రైళ్ళ నుంచి వచ్చింది. 1940ల్లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైల్‌రోడ్ తన డీజిల్ లోకోమోటివ్‌ల నూనెలోని లోహాలను వర్ణపట విశ్లేషణతో కొలిచి లోపాలను ముందుగా పసిగట్టింది. 1950ల్లో అమెరికా నౌకాదళం దాన్ని విమాన ఇంజిన్లకు వర్తింపజేసింది. 1970ల్లో అరుగుదల రేణువులను అయస్కాంత క్షేత్రంతో గాజు పలక మీద పేర్చి సూక్ష్మదర్శినితో చూసే ఫెర్రోగ్రఫీ అభివృద్ధి అయింది. ఈ పద్ధతులు చిన్న పడవల దాకా రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

నూనె రకాలు

ఔట్‌బోర్డులకు ఎక్కువగా సూచించేది ఎస్‌ఏఈ 90 లేదా 80డబ్ల్యూ-90 చిక్కదనం, ఏపీఐ జీఎల్-4 లేదా జీఎల్-5 స్థాయి గల మెరైన్ గేర్ నూనె. కొన్ని స్టెర్న్‌డ్రైవ్‌లకు సింథటిక్ 75డబ్ల్యూ-90 సూచిస్తారు. పాత వోల్వో పెంటా డ్రైవ్‌లలో కొన్నిటికి ఇంజిన్ ఆయిలే వాడేవారు. పరిమాణం చిన్న మోటారులో పావు లీటరు లోపు, 40 అశ్వశక్తి దరిదాపుల్లో అర లీటరు చుట్టుపక్కల, పెద్ద ఔట్‌బోర్డుల్లో లీటరు దగ్గర, స్టెర్న్‌డ్రైవ్‌లలో రెండు లీటర్లు, ఆపైన ఉంటుంది.

మెరైన్ గేర్ నూనెకూ లారీ గేర్ నూనెకూ ముఖ్యమైన తేడా నీటి విషయంలో ఉంది. మెరైన్ నూనెలో తుప్పు నిరోధకాలు ఎక్కువ. కొద్దిపాటి నీరు చేరితే దాన్ని విడిగా అడుగున నిలవనీయకుండా తనలో కలుపుకునే ఎమల్సిఫయర్లు కూడా చాలా రకాల్లో ఉంటాయి. అడుగున విడిగా నిలిచిన నీరు బేరింగును నేరుగా తుప్పు పట్టిస్తుంది, నూనెలో కలిసిన నీరు అంత త్వరగా పట్టించదు. అయితే ఈ గుణం వల్ల నీటి సూచన రంగులోనే వెతకాల్సి వస్తుంది, అడుగున నీటిచుక్క కోసం చూస్తే దొరక్కపోవచ్చు. కొన్ని కంపెనీల నూనె కొత్తదే నీలం లేదా ఆకుపచ్చ రంగులో ఉంటుంది. పోలిక కోసం అదే డబ్బాలోని కొత్త నూనెను గాజు గ్లాసులో పోసి పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

నమూనా తీసే విధానం

గేర్ కేసుకు సాధారణంగా రెండు ప్లగ్గులుంటాయి. అడుగున డ్రెయిన్, పైన వెంట్. మోటారును నిలువుగా నిలిపి, కింద శుభ్రమైన తెల్లటి లేదా పారదర్శకమైన గిన్నె పెట్టి, ముందు డ్రెయిన్ ప్లగ్గును, తర్వాత వెంట్ ప్లగ్గును తీస్తారు. మడ్డి పట్టిన పాత డబ్బాలో పట్టిన నూనెను చూసి తీర్పు చెప్పడం వృథా.

ఎప్పుడు తీయాలన్నది దేనికోసం చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నీటి కోసం తీయడం వేరు, లోహం కోసం తీయడం వేరు; ఈ రెండింటినీ కలిపేయకూడదు. నీటి కోసమైతే మోటారును రాత్రంతా కదలకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ ప్లగ్గును కొద్దిగా వదులు చేసి మొదటి చుక్కలను చూడాలి. నూనె కంటే నీరు బరువైనది, ఉప్పునీరు ఇంకా బరువైనది. కనుక నూనెలో కలవకుండా మిగిలిన నీరు ముందుగా వస్తుంది. లోహం కోసం, ముఖ్యంగా ప్రయోగశాలకు పంపే నమూనా కోసమైతే, మోటారును కొంతసేపు నడిపి నూనె వెచ్చగా ఉన్నప్పుడే తీయాలి. నిలవ ఉన్న నూనెలో బరువైన రేణువులు అడుగుకు దిగిపోతాయి, నమూనా అబద్ధం చెబుతుంది. ధార మొదలైన కాసేపటికి, మధ్య ధార నుంచి సీసా నింపడం మంచిది.

తిరిగి నింపేటప్పుడు నూనెను కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కించాలి. పైనుంచి పోస్తే గాలి లోపల చిక్కుకుని నూనె తక్కువ పడుతుంది. వెంట్ నుంచి బుడగలు లేని నూనె కారే దాకా ఎక్కించి, ముందు వెంట్ ప్లగ్గు, ఆ తర్వాత వెంటనే డ్రెయిన్ ప్లగ్గు బిగిస్తారు. రెండింటికీ కొత్త వాషర్లు వేయాలి. ఎంత నూనె బయటికి వచ్చింది, ఎంత పట్టింది అన్నవి రాసి పెట్టుకుంటే అదే ఒక పరీక్ష. వచ్చినది తక్కువైతే ఎక్కడో కారుతోంది. ఎక్కువైతే నీరు చేరింది.

చాలామంది తయారీదారులు కొత్త మోటారుకు తొలి 20 గంటల దగ్గర ఒకసారి, ఆపైన ప్రతి 100 గంటలకు లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అది, నూనె మార్చమంటారు. వరద నీటిలోనో బురద కాలువలోనో నడిచిన మోటారుకు ఈ లెక్క వర్తించదు. దాని నూనెను పని ముగిసిన వెంటనే చూడాలి.

రంగు, వాసన, నీరు

మంచి స్థితిలో ఉన్న వాడిన నూనె కొత్త నూనె కంటే కాస్త ముదురుగా, కానీ వెలుగుకు పెడితే పారదర్శకంగా ఉంటుంది. పాలు కలిపిన కాఫీలా తెల్లబారితే నీరు చేరినట్టు. నీరు ఎంత ఎక్కువైతే అంత తెలుపు, మరీ ఎక్కువైతే మీగడలా చిక్కబడుతుంది.

తెలుపంతా నీరు కాదు. ఇప్పుడే ఆపిన మోటారు నూనెలో గాలి బుడగలు కూడా అదే రూపం ఇస్తాయి. సీసాలో పోసి ఒక రాత్రి ఉంచితే గాలి పైకి పోయి నూనె తేటపడుతుంది. నీరు చేరినదైతే తేటపడదు. ఇంకా అనుమానముంటే వేడి పెనం పరీక్ష చేస్తారు. సుమారు 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడెక్కిన లోహపు పలక మీద ఒక చుక్క నూనె వేస్తే నీరున్న నూనె చిటపటలాడుతుంది, లేనిది నిశ్శబ్దంగా పరుచుకుంటుంది. వెయ్యో వంతు నీరున్నా ఈ పరీక్షలో బయటపడుతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా చేయరాదు, పెట్రోలు ట్యాంకు దగ్గర అసలు చేయరాదు.

నీరు రావడానికి అతి సాధారణ కారణం ప్రొపెల్లరు వెనక షాఫ్టుకు చుట్టుకున్న గాలం దారం లేదా నైలాను వలదారం. అది తిరిగి తిరిగి సీలు పెదవిని కోస్తుంది. నూనె తీసిన ప్రతిసారీ ప్రొపెల్లరు విప్పి షాఫ్టును చూడమనేది ఇందుకే. పాత వాషరుతో బిగించిన డ్రెయిన్ ప్లగ్గు రెండో కారణం, మూడింటిలో అతి చౌకగా పోయేది. మూడోది గేరు మార్చే కడ్డీ, డ్రైవ్ షాఫ్టు సీళ్ళ అరుగుదల. స్టెర్న్‌డ్రైవ్‌లో బెల్లోస్ చిరిగితే నీరు ముందు యూనివర్సల్ జాయింట్లకు, డ్రైవ్‌లోకి వెళ్ళే షాఫ్టును మోసే గింబల్ బేరింగుకు చేరుతుంది. ఆ దశలో గేర్ నూనె ఇంకా శుభ్రంగానే ఉండవచ్చు. కాబట్టి నూనె బాగుందన్నది బెల్లోస్ బాగుందనడానికి సాక్ష్యం కాదు.

నల్లబడి, కాలిన వాసన వచ్చే నూనె అతిగా వేడెక్కింది. నూనె తక్కువగా నడపడం, అతిభారం, బేరింగు బిగుసుకుపోవడం ఇందుకు కారణాలు. గేర్ నూనెకు గంధకపు ఘాటు వాసన పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని కాలిన వాసనగా పొరబడకూడదు. ముదురు బూడిద రంగు సన్నని లోహపు రజనుకు గుర్తు. కొత్త మోటారు మొదటి నూనెలో ఇది మామూలు, పాత మోటారులో కాదు.

స్టెర్న్‌డ్రైవ్‌లు కొన్నిటిలో గేర్ నూనె మట్టం చూపే సీసా ఇంజిను గదిలో ఉంటుంది. అందులో మట్టం తగ్గితే నూనె బయటికి పోతోంది, పెరిగితే నీరు లోపలికి వస్తోంది. సీసాలోని నూనె కిందిదానితో త్వరగా కలవదు. అందువల్ల దాని రంగు బాగున్నా కింద తెల్లబారి ఉండవచ్చు.

లోహపు గుర్తులు

డ్రెయిన్ ప్లగ్గు చివర చాలా మోటార్లలో అయస్కాంతం ఉంటుంది. దానికి అంటుకున్నదే పరిశీలనలో మొదటి సాక్ష్యం. వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగా, కాటుకలా పూసుకుపోయే నల్లని లేపనం మామూలు అరుగుదల. ఉక్కు మీద ఉక్కు తిరిగే చోట అది ఉండక తప్పదు, కొత్త నూనెలో తప్ప అసలేమీ లేకపోవడం అరుదు. ఇసుకలా గరగరలాడితే, వెలుగులో మెరిసే పొలుసులు కనబడితే, గోరుకు తగిలే ముక్కలుంటే విషయం వేరు. రుద్దేటప్పుడు సూదుల్లాంటి పెచ్చులు వేలిలో దిగే ప్రమాదముంది, గుడ్డ మీద పూసి చూడటం మేలు.

అయస్కాంతం ఇనుమును మాత్రమే పట్టుకుంటుంది. మిగతాది తెలియాలంటే నూనెను కిరోసిన్‌తో పల్చన చేసి సన్నని తెల్లగుడ్డ లేదా వడపోత కాగితం గుండా వడగట్టాలి. మిగిలినదాన్ని భూతద్దం కింద చూస్తూ కాగితం అడుగున అయస్కాంతం కదపాలి. కదిలినవి ఉక్కు, కదలని వెండి రంగువి అల్యూమినియం, పసుపు లేదా రాగి రంగువి కంచు, ఇత్తడి. కేసు అల్యూమినియం అరుగుతోందంటే ఏదో బేరింగు తన గూటిలో కదిలిపోయి గోడను రాస్తోందని అర్థం. కంచు రజను బుష్‌ల నుంచి, థ్రస్ట్ వాషర్ల నుంచి వస్తుంది. ఏ నమూనాలో ఆ భాగాలున్నాయో విడిభాగాల పటంలో చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ఉక్కు రేణువుల ఆకారం అరుగుదల తీరును చెబుతుంది. పళ్ళ ఉపరితలం అలసిపోయి చిన్న చిన్న గుంటలుగా రాలితే పలుచని, చదునైన పొలుసులు వస్తాయి. దీన్ని పిట్టింగ్ అంటారు. ముదిరితే పెద్ద పెచ్చులు లేస్తాయి. నూనె పొర తెగి లోహం లోహాన్ని అంటుకుని చీరుకుంటే పొడుగాటి, గీతలు పడిన, కొన్నిసార్లు వేడికి నీలిరంగు తిరిగిన పెచ్చులు కనబడతాయి. ఇసుక వంటి గట్టి పదార్థం చేరితే తరిమెన పట్టినప్పుడు చుట్టుకుని రాలే పెచ్చులాంటి సన్నని తీగలు వస్తాయి. ఎర్రటి, గోధుమరంగు రజను తుప్పు. అది నీటి చేరిక పాతదని, నూనె మార్చి కడిగేసినంత మాత్రాన పోదని చెబుతుంది.

డాగ్ క్లచ్ అరుగుదలకు ప్రత్యేకమైన గుర్తు మూలలు విరిగిన మెరిసే గట్టి ముక్కలు. గేరును నెమ్మదిగా, తటపటాయిస్తూ వేసేవారి మోటార్లలో ఇది కనబడుతుంది. క్లచ్ కొమ్ములు పూర్తిగా కలవకముందే ఒకదానిమీదొకటి దెబ్బ తగిలి మొనలు గుండ్రబడతాయి. మొనలు పోయాక గేరు భారం కింద జారుతుంది, జారినప్పుడల్లా మరికొన్ని ముక్కలు రాలుతాయి. ఇంజినును తక్కువ వేగానికి దించి, గేరును ఒక్క ఊపులో గట్టిగా వేయడం నియమం. మెల్లగా వేస్తే మోటారును కాపాడుతున్నామనుకోవడం పొరపాటు.

ప్రొపెల్లరు రాయికో దుంగకో కొట్టుకున్న తర్వాత నూనెలో మొట్టమొదటిసారిగా పెద్ద ముక్కలు కనబడితే పంటి అంచు విరిగిందని అనుమానించాలి. షాఫ్టు వంగి ఉంటే సీలు కూడా త్వరలోనే పోతుంది. ఇలాంటప్పుడు ముందు ముక్కలు, తర్వాత నీరు వస్తాయి. మామూలు సందర్భాల్లో క్రమం దీనికి తలకిందులు: ముందు నీరు, దాని వెంట తుప్పు, ఆ వెంట బేరింగు పొలుసులు. ఏది ముందు వచ్చిందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే. అందుకే ఒక్క పరిశీలన కంటే వరుస పరిశీలనల రికార్డుకు విలువ ఎక్కువ.

తప్పుడు హెచ్చరికలూ ఉంటాయి. కొత్త మోటారులో లేదా మరమ్మతు చేసిన కేసులో సీలెంటు ముక్కలు, రంగు పొట్టు, జతచేసేటప్పుడు పూసిన గ్రీజు కనబడతాయి. మాలిబ్డినం కలిపిన నూనెలు కొత్తగానే నల్లగా ఉంటాయి.

పీడన పరీక్ష

నూనెలో నీరు కనబడితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నూనె చెప్పలేదు. అందుకు నూనె తీసేసిన గేర్ కేసుకు ప్లగ్గు రంధ్రంలో చేతిపంపు బిగించి గాలి ఎక్కిస్తారు. సాధారణంగా 10 నుంచి 15 పీఎస్‌ఐ వద్ద కొన్ని నిమిషాలు ముల్లు కదలకుండా ఉండాలి. ముందుగా 3 నుంచి 5 పీఎస్‌ఐ వద్ద ఆగి చూడటం అవసరం, ఎందుకంటే ఎక్కువ ఒత్తిడికి పెదవి బిగుసుకుని నిలిచే సీలు తక్కువ ఒత్తిడిలో కారవచ్చు. పరీక్ష జరుగుతుండగా ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పుతూ, గేరును అటూ ఇటూ మార్చాలి. అనుమానమున్న చోట్ల సబ్బునీరు పూస్తే బుడగలు లీకేజీని చూపిస్తాయి. తర్వాత శూన్య పరీక్ష చేస్తారు. బయటి నుంచి నీటిని ఆపే సీలు పెదవి లోపలి ఒత్తిడికి కాక బయటి ఒత్తిడికి పరీక్ష కావాలి కాబట్టి రెండూ చేస్తేనే పరీక్ష పూర్తయినట్టు.

ప్రయోగశాల విశ్లేషణ

వర్ణపట విశ్లేషణలో నూనెను మండించి, అందులోని ఒక్కో మూలకం వెలువరించే కాంతిని కొలిచి, పది లక్షల వంతుల్లో పరిమాణం చెబుతారు. ఇనుము గేర్లు, షాఫ్టుల నుంచి, క్రోమియం బేరింగుల నుంచి, రాగి బుష్‌ల నుంచి, అల్యూమినియం కేసు నుంచి వస్తాయి. సిలికాన్ ఇసుకకో సీలెంటుకో గుర్తు. సోడియం, మెగ్నీషియం కలిసి పెరిగితే సముద్రపు నీరు చేరింది. సముద్రపు నీటిలో సోడియం మెగ్నీషియానికి సుమారు ఎనిమిది రెట్లు ఉంటుంది. నివేదికలో నిష్పత్తి దానికి దగ్గరగా ఉంటే అనుమానం బలపడుతుంది. నదిలో నడిచే పడవకు ఈ కొలత పనికిరాదు, అక్కడ కార్ల్ ఫిషర్ పద్ధతితో నేరుగా నీటినే కొలవాలి.

ఈ విశ్లేషణకు ఒక పెద్ద పరిమితి ఉంది. సుమారు 5 నుంచి 10 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులను అది సరిగా పట్టుకోదు. అంటే పంటి ముక్కలు విరిగి పడుతున్నా నివేదికలో ఇనుము తక్కువగా కనబడవచ్చు. గేర్ కేసుల్లో చివరి దశ వైఫల్యం పెద్ద రేణువులతోనే వస్తుంది. కాబట్టి అయస్కాంతానికి అంటుకున్నదాన్ని పక్కనపెట్టి నివేదికను మాత్రమే నమ్మడం సరికాదు. ఈ లోటును ఫెర్రోగ్రఫీ, మొత్తం ఇనుప రజనును అయస్కాంత ప్రభావంతో కొలిచే పీక్యూ సూచిక కొంత పూరిస్తాయి.

ఇన్‌బోర్డ్ గేర్ బాక్సులు

ట్రాలర్లు, ప్రయాణికుల లాంచీల్లో డీజిల్ ఇంజిను, దాని వెనక రివర్స్-రిడక్షన్ గేర్ బాక్సు పడవ లోపలే ఉంటాయి. నూనె డిప్‌స్టిక్కుతో చూడవచ్చు. నీరు షాఫ్టు సీలు నుంచి కంటే నూనెను చల్లబరిచే కూలరు గొట్టాలు తుప్పు పట్టి చిల్లులు పడటం వల్ల ఎక్కువగా వస్తుంది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్నవాటిలో క్లచ్ ప్లేట్ల పొర అరిగితే నల్లని, లోహం కాని పొడి, కాలిన వాసన కనబడతాయి. నూనె ఏ రకమో ఇక్కడ తయారీదారు పుస్తకమే చెప్పాలి. కొన్నిటికి ఇంజిన్ ఆయిల్, కొన్నిటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). రెంటిలో దేనికైనా బదులు 90 నంబరు గేర్ నూనె పోస్తే క్లచ్ జారుతుంది.

ఆంధ్ర తీరం, నదులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో పడవల మరమ్మతులకు అనువైన కాలం ఇదే. వేట ఆగిన వెంటనే నూనె తీసి చూడటానికీ, వేటకు వెళ్ళే ముందు చూడటానికీ తేడా ఉంది. నీరు చేరిన నూనెతో రెండు నెలలు నిలిపితే ఉప్పు తేమ బేరింగు మీద తుప్పు గుంటలు వేస్తుంది. తిరిగి నడిపిన కొద్ది రోజులకే ఆ గుంటల అంచులు పొలుసులుగా లేస్తాయి. కాబట్టి నూనె మార్పు నిషేధం మొదట్లో జరగాలి.

రేవు లేని చోట్ల అలల మీదుగా ఇసుక ఒడ్డుకు చేరే ఫైబర్ పడవల్లో ప్రొపెల్లరు ఇసుకను తాకడం నిత్యం జరిగేదే. ఇసుక సీలు పెదవిని అరగదీస్తుంది. బంగాళాఖాత కార్యక్రమం (బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్) అనే మత్స్యాభివృద్ధి పథకం 1980ల్లో ఇలాంటి తీరాల కోసం రూపొందించిన పడవల్లో ప్రొపెల్లరును పైకెత్తే ఏర్పాటు చేయడానికి కారణాల్లో ఇదీ ఒకటి. పొడవాటి షాఫ్టు చివర ప్రొపెల్లరు ఉండే లాంగ్ టెయిల్ మోటార్లలో నీటి అడుగున గేర్ కేసే ఉండదు కనుక ఈ వ్యాసంలోని పరీక్షలు వాటికి అన్వయించవు.

గోదావరి వరదల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడూ సహాయక బృందాలు వాడినవి ఓబీఎం అని పిలిచే ఔట్‌బోర్డ్ మోటార్ల పడవలు. మునిగిన వీధుల్లో ప్రొపెల్లరుకు తగిలేవి మెట్లు, కంచె తీగలు, గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు. ఇలాంటి పని తర్వాత మోటారును కడిగి గోదాములో పెట్టేయకుండా నూనె తీసి చూస్తే తదుపరి వరదకు అది నమ్మకంగా పనిచేస్తుంది.

నిర్ణయం తీసుకునే క్రమం

నూనె కొద్దిగా తెల్లబారి, అయస్కాంతం మీద మెత్తని లేపనం మాత్రమే ఉంటే సీళ్ళు, వాషర్లు మార్చి, కొత్త నూనె పోసి, కొద్ది గంటలు నడిపి మళ్ళీ చూడాలి. తెలుపుతో పాటు తుప్పు రజను ఉంటే కేసు విప్పి బేరింగులు పరీక్షించాలి. ముక్కలు, పొలుసులు కనబడితే, నీరున్నా లేకున్నా, నడపడం ఆపాలి. ఒక విరిగిన పంటి ముక్క పినియన్‌కూ గేరుకూ మధ్య పడితే కేసునే పగలగొట్టగలదు. బెవెల్ గేర్లను మార్చినప్పుడు ఒక్కదాన్ని మార్చి మిగతావి ఉంచడం సాధారణంగా నిలవదు. జతగా అరిగిన పళ్ళు కొత్తదానితో సరిగా కలవవు. మరమ్మతును వాయిదా వేయకూడదనడానికి చలిదేశాల్లో మరో కారణం కూడా ఉంది. నీరు చేరిన కేసును శీతాకాలంలో వదిలేస్తే ఆ నీరు మంచుగా మారి కేసును చీలుస్తుంది.

వాడిన నూనె

బయటికి తీసిన నూనెను రేవులో, ఏట్లో, ఒడ్డు ఇసుకలో పోయకూడదు. భారతదేశంలో వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నిబంధనల పరిధిలోకి వస్తుంది. దాన్ని మూతగల డబ్బాలో నిల్వ చేసి, అనుమతి పొందిన పునఃశుద్ధి సంస్థలకో వాటి సేకరణదారులకో ఇవ్వాలి. నీరు కలిసిన గేర్ నూనెను మిగతా వాడిన నూనెతో కలపకుండా విడి డబ్బాలో ఉంచాలి.